తీరని ఋణం

(అక్టోబరు 1న మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. మన దేశంలో 1975 నుంచి స్వచ్ఛంద రక్తదాన దినం కూడా ఇదే. నా మట్టుకు నాకు ఈ రెండింటికీ గట్టి ముడి ఉంది.

మా అమ్మాయి కూతురికి తలసీమియా. తొమ్మిదో నెలలో బయటపడింది. దాని ఒంట్లో ఎర్రకణాలు సరిగా తయారు కావు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇప్పుడు దానికి 11 ఏళ్లు. ఇంతవరకు ఎక్కించిన సంచులు 170కి తక్కువ ఉండవు. ఆ దాతలలో ఒక్కరిని తప్ప ఎవరినీ మేము చూడలేదు.

ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు గనుక శిబిరాలు తగ్గిపోతాయి. ఒక మే నెలలో ఓ నెగెటివ్ రక్తం ఎక్కడా దొరకలేదు. పిల్ల మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చుండిపోయింది. బ్లడ్ బ్యాంకువారు ఫోను చేయగా ఒక ఆటో డ్రైవరు ఖాకీ చొక్కాతోనే వచ్చి రక్తమిచ్చాడు. నేను జేబులో చెయ్యి పెట్టబోతే, "వద్దు బాబాయిగారూ, గిరాకీ సాయంత్రం దొరుకుతుంది లెండి" అని టీ మాత్రం తాగి వెళ్లిపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక మర్నాడు ఆ రక్తమే పిల్లకు ఎక్కించారు.

ఒకప్పుడు రక్తం అమ్ముకునేవారుండేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ పద్ధతి నిషేధమైంది. మా మనవరాలి వంటివారికి ఇటువంటి పుణ్యాత్ములే దిక్కు.

ఒకనాడు అది, "తాతయ్యా, నువ్వెప్పుడైనా రక్తమిచ్చావా?" అని అడిగింది. మా ఆఫీసులో శిబిరం పెట్టినప్పుడల్లా సర్క్యులరు మీద సంతకం చేసి, ఆ రోజుకు ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాణ్ణి. సూదంటే భయం. "లేదమ్మా" అన్నాను. ఇప్పుడు ఇద్దామన్నా వీలులేదు. 60 దాటాక తొలిసారి ఇవ్వకూడదు, 65 దాటితే ఎవరూ ఇవ్వకూడదు.

కనుక మనం చేయగలిగినవి రెండు. 18 నిండి ఆరోగ్యంగా ఉన్న మన పిల్లలను శిబిరానికి వెంటబెట్టుకు వెళ్దాం. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. మా కోడలు మొదలుపెట్టింది. రెండవది, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు జాతకాలతోపాటు తలసీమియా పరీక్ష కూడా చేయించండి. మా అమ్మాయి, అల్లుడు ఆరోగ్యవంతులే. కాని ఇద్దరూ వాహకులని బిడ్డ పుట్టాకనే తెలిసింది. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదముంటుంది.

పేరు తెలియని ఆ దాతలందరికీ మా కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.