కార్యకర్తకు అండ: గ్రంథాలయోద్యమం నుంచి వృత్తి సంఘాలు నేర్చుకోవలసినవి



హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలిసింది. అంతకు కొద్ది ముందు, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. నిజాం రాజ్యంలో కచేరీల వ్యవహారమంతా ఉర్దూలో సాగే కాలమది. తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక నలుగురికీ అందే చోటు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అటువంటి రోజుల్లో ఈ నిలయాలను నిలబెట్టినవారికి అది జీతం వచ్చే కొలువేమీ కాదు. పగలు ఉద్యోగాలో వకాల్తాలో చేసుకుని, సాయంకాలాలు సంఘానికి ఇచ్చారు.

వారిలో మాడపాటి హనుమంతరావు ఒకరు. ఉద్యోగరీత్యా హనుమకొండలో ఉన్న రోజుల్లో ఆయన అక్కడి నిలయానికి అండగా నిలిచారు. ఆ తర్వాత హైదరాబాదుకు వెళ్లి వకీలయ్యారు. అక్కడ కృష్ణదేవరాయ నిలయం బాధ్యతలు మోశారు. 1921లో ఆంధ్ర జనసంఘం పుట్టినప్పుడు దాని పనినీ తలకెత్తుకున్నారు. 1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు, 1951లో హైదరాబాదు నగరానికి మేయరయ్యారు. జనం ఆయన్ని ఆంధ్ర పితామహుడన్నారు. చందాలు వసూలు చేయడం, సభ జరపడం, భిన్నాభిప్రాయాలున్నవాళ్లను ఒక తీర్మానానికి ఒప్పించడం వంటి పనులన్నీ చేతికి అలవడేది చిన్న సంఘాల్లోనే. ఒక ఊరి గ్రంథాలయం ఒక కార్యకర్తను తయారు చేస్తే, ఆ ఫలం రాష్ట్రమంతటికీ అందింది.

సభ్యుల చందాలతో, సభ్యుల శ్రమతో నడిచే సంఘం తన కార్యకర్తల్ని ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈ ఉపన్యాసంలోని విషయం.

మోస్తున్నది ఎవరు?

1959 ఓరుగల్లుకు పెద్ద మలుపు. ఆ ఏడాది అక్టోబరు 10న ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. కాకతీయ వైద్య కళాశాల మొదలైందీ అదే ఏడాది. అప్పటి నుంచి ఈ ఊరు డాక్టర్లకూ ఇంజినీర్లకూ పుట్టిల్లయింది. వృత్తి ఉన్నచోట వృత్తి సంఘమూ ఉంటుంది. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ 1920లో ఏర్పడి, 1935లో రాయల్ చార్టర్ పొందింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1928లో కలకత్తాలో పుట్టింది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి చట్టంతో వచ్చింది. కేంద్ర కార్యాలయాల్లో జీతాల సిబ్బంది ఉన్నా, ఊరూరి శాఖల్ని నడిపేది మాత్రం గౌరవ కార్యదర్శులూ గౌరవ కోశాధికారులే.

గౌరవ కార్యదర్శి పని దగ్గరి నుంచి చూస్తే తప్ప దాని బరువు తెలియదు. ఎన్నికైన మర్నాడే బ్యాంకుకు వెళ్లాలి. పాత కార్యవర్గం సంతకాలు తీసేసి కొత్తవాళ్ల సంతకాలు చేర్చడానికి తీర్మానం నకలు, మినిట్స్, అందరి ఆధార్, పాన్, ఫొటోలు కావాలి. పాత అధ్యక్షుడు ఊళ్లో ఉండడు, పాత కోశాధికారికి డ్యూటీ ఉంటుంది. సంతకాలు మారేదాకా ఖాతాలోంచి రూపాయి తీయలేరు. ఈలోగా సభ పెట్టాలి. హాలు అడ్వాన్సు, ఫ్లెక్సీ, మైకు, టీలు, అతిథికి రైలు టికెట్టు అన్నీ కార్యదర్శి జేబులోంచే పోతాయి. తర్వాత 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రారు కార్యాలయానికి పంపాలి. 1350 ఫసలీ నాటి హైదరాబాదు రాజ్యపు చట్టం కింద నమోదైన పాత సంఘాలకైతే ఆనాటి ధ్రువపత్రం ఎవరి బీరువాలో ఉందో వెతకడం మరో పని. ఇదంతా రోగుల్ని చూసుకుంటూ, కోర్టుకు వెళ్తూ, సైటు మీద పని చూసుకుంటూ చేయాలి.

ఇంత చేసినవాడికి ఏడాది చివర శాలువా కప్పి, మెమెంటో చేతికిస్తారు. ఆ మర్యాద మంచిదే. అయితే ఆ మనిషికి కావలసిన సాయం ఏడాది మొదట్లోనే అందాలి.

బెజవాడ చూపిన పద్ధతి

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. అప్పటికి తెలుగుదేశంలో గ్రంథాలయాలు చాలానే ఉన్నా, ఎవరి ఊరు వారిది, ఎవరి కష్టం వారిది. ఆ ఊళ్ల కార్యకర్తల్ని ఒక సంఘంగా కూర్చినవారు అయ్యంకి వెంకట రమణయ్య. 1890లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై నాలుగేళ్లయినా నిండలేదు.

అయ్యంకి మొదట్లోనే గుర్తించిన సంగతి ఒకటుంది. ఊరి గ్రంథాలయం మూతపడేది చాలాసార్లు పుస్తకాలు లేక కాదు, నడిపే ఒక్క మనిషి అలిసిపోవడం వల్ల. అందుకే సంఘం ఆ మనిషిని పట్టుకుంది. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక పెట్టి, ఒక ఊళ్లో జరిగిన పని ఇంకో ఊరికి తెలిసేలా చేసింది. ఏటా మహాసభలు జరిపింది. గ్రంథాలయ యాత్రల పేరుతో కార్యకర్తలు ఊరూరా తిరిగి, అక్కడి గ్రంథాలయాల్ని చూసి, సలహాలిచ్చి, సలహాలు పుచ్చుకునే ఏర్పాటు చేసింది. శిక్షణ తరగతులు నడిపింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికీ అయ్యంకి పూనికే మూలం. ఈనాటికీ దేశమంతటా నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. 1972లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆ పత్రిక, ఆ యాత్ర, ఆ శిక్షణ పాఠకుడికంటే ముందు కార్యకర్తకు ఉపయోగపడ్డాయి. మారుమూల పల్లెలో గ్రంథాలయం నడిపేవాడు తన ఊరి వార్త పత్రికలో అచ్చయితే చూసుకున్నాడు. చిక్కు వస్తే ఎవరికి ఉత్తరం రాయాలో అతనికి తెలిసింది. ఏడాదికోసారి తనలాంటివాళ్లను కలుసుకున్నాడు.

పడవ, బండి, బడి

1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలువ మీద నౌకా గ్రంథాలయం నడిపించారు. దారిలో పల్లెల దగ్గర పడవ ఆగేది. చదివిన పుస్తకం ఇచ్చేసి కొత్తది తీసుకునేవారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద గ్రంథాలయం కదిలింది. ఈ పడవనూ బండినీ జనం వింతగా చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. కార్యకర్త వైపు నుంచి చూస్తే వాటిలో ఇంకో సంగతి ఉంది. పుస్తకాల మూటలు నెత్తిన పెట్టుకుని ఊరూరూ నడవవలసినవాడికి సంఘం ఒక సాధనం సమకూర్చింది. మనిషి ఉత్సాహం మీదే భారమంతా వేయలేదు.

పాతూరి అంతటితో ఆగలేదు. సంఘానికి విజయవాడలో సొంత గూడు ఉండాలని పట్టుబట్టారు. చాలాకాలం సంఘాన్ని ముందుండి నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేర అక్కడ సర్వోత్తమ భవనం లేచింది. గ్రంథాలయమూ, గ్రంథాలయ శాస్త్రం నేర్పే కళాశాలా దాని నీడనే పెరిగాయి. కార్యదర్శి మారినప్పుడల్లా సంఘం కాగితాలు ఇంకో ఇంటి అటకెక్కే అవస్థ దానితో తప్పింది.

మద్రాసులో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఇంకో దారి చూపారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడగానే, మరుసటి ఏడాదే వేసవి శిక్షణ తరగతులు ఆ సంఘం తరఫున మొదలయ్యాయి. 1931లో ఆ తరగతుల్ని మద్రాసు విశ్వవిద్యాలయం తన కింద తీసుకుంది. స్వచ్ఛందంగా మొదలైన పనిని ఎంతకాలం స్వచ్ఛందంగానే లాగాలి, ఎప్పుడు స్థిరమైన సంస్థకు అప్పగించాలి అన్నదానికి ఇది మంచి ఉదాహరణ. భుజం అరిగిపోయేదాకా మోసి కూలబడడం కంటే, సరైన సమయంలో బరువు దించడం కార్యకర్తకూ మేలు, పనికీ మేలు.

చట్టం వచ్చాక

1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు, జిల్లాకో గ్రంథాలయ సంస్థ, జీతం తీసుకునే గ్రంథపాలకుడు వచ్చారు. ఉద్యమం అడిగినదే ఇది, కోరి తెచ్చుకున్న విజయం.

అయితే ప్రభుత్వం జీతం ఇస్తున్నచోట తన అవసరమేమిటో స్వచ్ఛంద కార్యకర్తకు తెలియకుండా పోయింది. పాఠకుల సభలు, సాహిత్య గోష్ఠులు, చందాల పెట్టె చాలా ఊళ్లలో క్రమంగా సన్నగిల్లాయి. జీతపు మనిషి, స్వచ్ఛంద మనిషి పక్కపక్కన ఎలా పనిచేయాలో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. వృత్తి సంఘాల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఆఫీసు సిబ్బందిని పెట్టుకున్న శాఖలో సిబ్బంది పని ఏది, సభ్యుడి పని ఏది అన్న గీత లేకపోతే, పని ఇద్దరి మధ్యా జారిపోతుంది, మాట ఇద్దరి మధ్యా పెరుగుతుంది. రసీదులు, నోటీసులు, బ్యాంకు, రిజిస్ట్రారు పనులు సిబ్బంది చూడాలి. ఏ సభ పెట్టాలి, ఎవర్ని పిలవాలి, వృత్తి తరఫున ఏం మాట్లాడాలి అన్నవి సభ్యులు చూడాలి.

ఇప్పుడు చేయవలసింది

మొదటిది ఖర్చు. కార్యదర్శి పెట్రోలు, జిరాక్సు, ఫోను ఖర్చులు సంఘం ఇవ్వాలి, అడగకుండానే ఇవ్వాలి. “మనవాడే కదా, పెట్టుకుంటాడులే” అనుకునే సంఘంలో కాలక్రమంలో డబ్బున్నవాళ్లే కార్యదర్శులవుతారు. ఇప్పుడిప్పుడే ప్రాక్టీసు పెట్టిన జూనియర్ లాయరు, కాంట్రాక్టు లెక్చరరు, చిన్న పట్టణంలో పనిచేసే గ్రంథపాలకురాలు పోటీకే రారు. బడ్జెట్‌లో దీనికో పద్దు ఉంటే సంఘం తలుపు వాళ్లకూ తెరుచుకుంటుంది.

రెండోది వేళ. రాత్రి ఎనిమిదింటికి మొదలై భోజనాలతో ముగిసే సమావేశాలకు ఎందరో మహిళా సభ్యులు రాలేరు. వాళ్లకు శ్రద్ధ లేదని నిందించడం అన్యాయం. నెలకోసారైనా పగటిపూట కూర్చోవాలి. రాలేనివాళ్లకు వీడియోలో కలిసే ఏర్పాటుండాలి.

మూడోది నేర్పు. వృత్తిలో ఎంత నిపుణులైనా మినిట్స్ రాయడం, లెక్కలు చూపడం, సభ నడపడం వేరే విద్యలు. గ్రంథాలయ సంఘం శిక్షణ తరగతులు నడిపినట్టే ప్రతి కొత్త కార్యవర్గానికీ ఇవి నేర్పాలి. యువ సభ్యులకు ఎప్పుడూ రిజిస్ట్రేషన్ బల్ల, ఫొటోలు అప్పగించి సరిపెట్టుకోకూడదు. ఒక కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా వాళ్ల పేరు మీద, వాళ్ల నిర్ణయం మీద జరగనివ్వాలి. పెద్దలు అడిగినప్పుడు సలహా ఇవ్వాలి.

నాలుగోది అప్పగింత. రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, బ్యాంకు వివరాలు, సభ్యుల జాబితా, మినిట్స్ పుస్తకం, హాలు వాళ్ల నంబర్లు, జరుగుతున్న పనుల పరిస్థితి ఒకే ఫైలులో పెట్టి కొత్తవాళ్లకు చేతిలో పెట్టాలి. కార్యదర్శి దిగిపోయే ఏడాదికి ముందే ఉపకార్యదర్శిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. “నువ్వు తప్ప ఎవరూ చేయలేరు” అంటూ ఒకరినే పదేళ్లు కూర్చోబెట్టడం పొగడ్తలా వినిపిస్తుంది. నిజానికి ఆ మనిషికి విశ్రాంతీ, తర్వాతివాళ్లకు అవకాశమూ లేకుండా పోతాయి.

ఐదోది అండ. కార్యవర్గం కలిసి తీసుకున్న నిర్ణయం మీద సర్వసభ్య సమావేశంలో నిలదీత వస్తే, కార్యదర్శిని ఒంటరిగా నిలబెట్టకూడదు. ప్రశ్న సభ్యుడి హక్కు, జవాబు కార్యవర్గమంతటిదీ. కోశాధికారికి ఏటా ఆడిట్ చేయించి ఇవ్వడం అనుమానంతో చేసే పని కాదు, ఆయన పేరుకు రక్షణ.

ఆరోది లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో స్వచ్ఛంద సేవను కొలిచే పద్ధతులతో ఒక కరదీపిక ప్రచురించింది. కూలి లేని పని కూడా పనేనని, దాన్ని గంటల్లో లెక్కించవచ్చని దాని సారం. మన సంఘాల వార్షిక నివేదికల్లో రూపాయల జమాఖర్చులుంటాయి, సభ్యులిచ్చిన గంటల జమ ఉండదు. ఆ ఒక్క వరుస చేర్చితే పని ఎవరి మీద కుప్పపడుతోందో అందరికీ కనిపిస్తుంది, వచ్చే ఏడాది పంచుకోవడం తేలికవుతుంది.

ఈ ఆరింటినీ ఏ సంఘానికా సంఘం విడిగా మొదలుపెట్టనక్కర లేదు. హనుమకొండలో నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరుగుతాయి. ఆ వారంలో ఒక రోజు డాక్టర్లు, ఇంజినీర్లు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, గ్రంథపాలకుల సంఘాలన్నీ కలిసి కొత్త కార్యవర్గాలకు ఉమ్మడి శిక్షణ పెట్టుకోవచ్చు. లెక్కల సంగతి ఒక చార్టర్డ్ అకౌంటెంటు, రిజిస్ట్రేషన్ చట్టం ఒక న్యాయవాది, కాగితాలు భద్రపరిచే పద్ధతి ఒక గ్రంథపాలకుడు చెప్పగలరు. మనుషులు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఖర్చు సంఘాలన్నీ పంచుకోవాలి. ప్రతి సంఘమూ కార్యదర్శితో పాటు ఉపకార్యదర్శిని కూడా పంపాలి. ఇక్కడున్న ప్రతి కార్యవర్గమూ తన రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలో రెండు అంశాలు చేర్చాలని మనవి: కార్యకర్తల ఖర్చులకు ఒక పద్దు, అప్పగింత ఫైలుకు ఒక గడువు తేదీ.