దూరపు కొలువు – ద్వారపాలకుని పట్టిక



2020 వ సంవత్సరపు మహమ్మారి మొదలుకొని మన గ్రామములలో ఒక క్రొత్త దృశ్యము కానవచ్చుచున్నది. పట్టణములందు ఉద్యోగము చేయు బిడ్డలు కొందరు ఇంటి మేడగదిలోనే కూర్చుండి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న కచేరీపని నెరవేర్చుచున్నారు. ఒక్కొక్క దినమున "లోనికి రానిచ్చుట లేదు" అని తల పట్టుకొందురు. పెద్దలము ప్రక్కన నిలిచి "పాస్‌వర్డు మరచితివేమో" అందుము. నేనును అట్లే అంటిని. ఆ వృత్తాంతము చెప్పుటకు ముందు ఆ వాకిండ్ల సంగతి కొంత చెప్పవలెను.

మొదటి వాకిలి వి.పి.ఎన్. అను కప్పుదారి. అందరు నడచు ఇంటర్నెట్టు బాటమీదనే, ఇతరులు చదువజాలని రహస్యలిపిలో మాటలను నడపు మార్గమది. రెండవది పేర్ల పట్టిక. కచేరీలోని ప్రతి యంత్రమును వేరు వేరు జాబితా ఉంచుకొనదు. అందరి పేర్లును అధికారములును ఒక్కచోట వ్రాసియుండును. ఎవరు వచ్చినను ప్రతి ద్వారపాలకుడును ఆ పట్టికనే అడుగును. అట్లు అడుగు భాషకు ఎల్‌డాప్ అని పేరు. అది అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున పుట్టినది. దాని నిబంధనలు 1993 లో తొలుత ప్రకటింపబడినవి. మనము ఇంటిపేరు ముందు చెప్పి తన పేరు పిదప చెప్పుదుము. ఆ భాషలో ముందు మనిషి పేరు, వెనుక అతని శాఖ, చివరకు సంస్థ వచ్చును. వంశవృక్షమును ఆకునుండి వేరునకు చదివినట్లుండును.

కప్పుదారి తెరచుకొన్నంత మాత్రమున పట్టిక పలుకునని తలపరాదు. తొలుత చూడవలసినది పేరు. యంత్రములకు అసలు గుర్తు అంకెలు. పేరును అంకెలుగా మార్చి చెప్పు సర్వరు వేరుగా ఉండును. మన ఇంటికి తీగ ఇచ్చినవారి సర్వరునకు కచేరీ లోపలి పేర్లు తెలియవు. పొరుగు జిల్లా తపాలాబంట్రోతును మన పేటలోని చింతచెట్టు వారి ఇల్లు ఎక్కడని అడిగినట్లే. అంకెలతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకకున్నచో దోషమిచ్చటనే ఉన్నది. ఆ ప్రశ్న కప్పుదారిగుండ పోయి కచేరీ సర్వరునే చేరునట్లు అమర్పవలెను. అంకెలకును మౌనమే అయినచో, 389, 636 అను సంఖ్యలుగల ద్వారములను నడుమనున్న కావలిగోడ మూసినదేమో కచేరీవారే చూడవలెను.

మరియొక చిత్రము. ఇంటి యంత్రము తెరచుకొన్నది గనుక పాస్‌వర్డు సరియే యందురు. అది పట్టికను అడుగకయే, వెనుకటిసారి జ్ఞాపకముంచుకొన్న గుర్తుతో తెరచియుండవచ్చును.

మావాని చిక్కు వీనిలో ఏదియు గాదు. 2022 లో వాడు సింగపూరునుండి వచ్చి హైదరాబాదు సంస్థయందు చేరి, తన సొంత కంప్యూటరుతోనే పని సాగించుచుండెను. ఒకనాటి ఉదయము దాని గడియారము రెండున్నర గంటలు ముందుండుట చూచి, వాడు స్నానమునకు పోగా, నా చేతిగడియారము ననుసరించి దిద్దితిని. తనంతట దిద్దుకొను ఏర్పాటు అడ్డురాగా దానినిగూడ మాన్పించితిని. ఉపకారము చేసితినని సంతసించితిని.

ఆ కచేరీలో పట్టికకు తోడుగా కెర్బెరాస్ అను కావలి కలదు. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1980ల దశకములో నిర్మితమైనది. గ్రీకుల పురాణములో పాతాళద్వారము కాచు మూడు తలల కుక్క పేరది. మన ఋగ్వేదమునందును యముని త్రోవ కాచు నాలుగు కన్నుల శునకములు రెండు కలవు; మనల నడిగిన చెప్పియుందుము. ఈ కావలివాడు రహస్యపదమును దారిన పంపనీయడు. అప్పటి వేళను ఆ పదముచే ముద్రించి పంపుమనును. ఆ ముద్రను దొంగ పట్టి పిమ్మట చూపకుండుటకై, ఇరువురి గడియారములకు 5 నిమిషములకంటె భేదమున్నచో త్రోసివేయును. సాధారణముగా ఉంచు హద్దు అది. మన లెక్కకు పన్నెండున్నర విఘడియలు! ముహూర్తము పెట్టు సిద్ధాంతియు ఇంత పట్టు పట్టడు.

ఆ దినము మధ్యాహ్నములోపల మావాడు లెక్కలు పంపవలెను. కప్పుదారి తెరచుకొన్నది, పట్టిక త్రోసివేసినది. వాడు మరల మరల కొట్టెను. నేను వెనుక నిలిచి అజాగ్రత్తయని చీవాట్లు పెట్టితిని. ఆ తత్తరపాటులో నిజముగనే కొన్నిసార్లు తప్పు కొట్టగా, వాని పేరే పట్టికలో మూయబడెను. రెండుసార్లు కాదన్నచో చేయి తీసి, కారణము వెదకుట మంచిదని అప్పుడు తెలియలేదు.

కచేరీనుండి ఒకరు టెలిఫోనులో వేళ యెంతయని అడిగిరి. రెండు గడియారములును పది గంటలే చూపుచున్నవని నేనే బిగ్గరగా చెప్పితిని. "దాని క్రింద ఏ దేశము పేరున్నది?" అని అడిగిరి. సింగపూరని యున్నది.

యంత్రము లోపల గణించునది లోకమంతటికి ఒక్కటియైన కాలము. దానికి సింగపూరునకు 8 గంటలు, మనకు ఐదున్నర గంటలు కూడి తెరపై చూపును. నేను పదియని దిద్దగా, సింగపూరు లెక్కన ఎనిమిది తీసివేసి, లోకకాలము రెండు గంటలని అది నమ్మినది, నిజమునకు నాలుగున్నర. పైకి సరిపోయిన గడియారము లోపల ఆరుంబావు ఘడియలు వెనుకబడినది. దేశము పేరు మార్చి, నేను మాన్పించిన ఏర్పాటును మరల పెట్టగానే అది కుదురుకొన్నది.

మూసిన పేరు తెరచుటకు మాత్రము కచేరీలో పై అధికారి అనుమతి కావలసివచ్చెను. అది వచ్చుసరికి మూడు గంటలు. లెక్కలు మరునాడు పోయినవి. ఆ పూట వాడు నాతో మాటలాడక భోజనము చేసెను.