ట్యాపెట్ చప్పుడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజున మన ఇంట ఉగాది పచ్చడి, పక్కింటి వాకిట గుడీ పాడ్వా గుడి. ఇటువంటి సభలో పద్యమో పంచాంగమో వినిపించవలసిన సమయంలో కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చి, మోటారు సైకిలు సంగతి చెప్పమన్నారు. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించిన రైల్వే గుమాస్తాను. యంత్రశాస్త్రము నేర్చినవాణ్ణి కాను. ఐతే మా నాన్నగారి నాటి బుల్లెట్టు ట్యాపెట్లను పన్నెండేండ్లుగా క్వార్టరు వెనుక నేనే సరిచేసుకొంటున్నాను. ఆ అనుభవమే నా అధికారము.

మనలో చాలామంది మిస్త్రీ దగ్గరకు వెళ్ళి అడిగే మాట ఒక్కటే: "ట్యాపెట్ టకటకలాడుతోంది, ఆ చప్పుడు లేకుండా చెయ్యి." అతడు మర బిగిస్తాడు, చప్పుడు పోతుంది, మనం సంతోషించి డబ్బిస్తాము. ఈ సంతోషము మీదనే నాకు అభ్యంతరము.

రైలుపట్టాల వద్దకు రండి. పాతకాలపు 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పట్టాకూ పట్టాకూ నడుమ సందు విడిచేవారు. ఆ సందు మీదుగా చక్రము పోయినప్పుడు టకటకమనేది. శబ్దము బాగులేదని సందు మూసివేస్తే మన మరాఠ్వాడా వేసవిలో దారి వంకర తిరిగిపోయేది. (ఇప్పుడు పట్టాలను అతికి పొడుగ్గా వేస్తున్నారు, దాని లెక్క వేరు.) ఇంజనులో వాల్వుకూ దానిని నొక్కే కాడకూ మధ్య సందు కూడా అటువంటిదే. వాల్వు కాడ వేడికి సాగుతుంది. చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

మూసుకోకపోతే ఏమవుతుంది? పొగ బయటకు పంపే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో అధికభాగాన్ని మూసుకొన్నప్పుడే తన పీటకు అందించి చల్లబడుతుంది. వెంట్రుకవాసి తెరిచి ఉన్నా ఆ చల్లబాటు తగ్గుతుంది. పైగా మండే వాయువు ఆ సందున దూసుకొనిపోయి అంచును కాలుస్తుంది. ఇంకొక విచిత్రము కూడా ఉన్నది. ట్యాపెట్టు, రాకరు అరిగితే సందు పెరిగి చప్పుడు వస్తుంది. వాల్వు తన పీటలోకి అరిగి దిగితే సందు తగ్గి చప్పుడు అణగిపోతుంది. కాబట్టి ఎవరూ ముట్టుకోకుండానే బండి నానాటికీ నెమ్మదిస్తుంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

మనకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని సంగతి ఇదే. చప్పుడు పోగొట్టించుకొన్న రెండు నెలలకు, మే మాసపు మధ్యాహ్నం, నాయగాఁవ్ దాటి దెగ్లూరు దారిలో బండి ఆగిపోయింది. వెనుక భార్య, ఒడిలో బిడ్డ, చెట్టునీడ లేదు. కిక్కు కొడితే కాలికి బరువే తగలలేదు. ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయింది. హెడ్డు విప్పవలసివచ్చింది, నెల జీతంలో మంచి భాగము దానికే పోయింది.

ఇక పని. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైననాటి నుంచి వచ్చిన పాత బుల్లెట్టుకు ఇది తేలిక. ఇంజను పూర్తిగా చల్లబడి ఉండాలి; అంటే రాత్రంతా నిలిపిన బండి. సెంటరు స్టాండు వేసి, ప్లగ్గు విప్పి, టాప్ గేరులో వెనుక చక్రాన్ని ముందుకు తిప్పండి. ప్లగ్గు రంధ్రంపై వేలు పెడితే ఒకచోట గాలి వేలిని తోస్తుంది. ఆ తోపు చివర, పిస్టను పైకి చేరినచోట, రెండు వాల్వులూ మూసుకొని ఉంటాయి. కుడివైపు మూత ఒక్క నట్టుతో ఊడివస్తుంది. లోపల రెండు పుష్‌రాడ్లు. వ్రేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ క్రిందికీ మాత్రము ఆడకూడదు. ఈ ఇంజనులో చల్లగా ఉన్నప్పటి సందు అంతే. లాక్‌నట్టు వదులుచేసి సరిదిద్ది, బిగించిన తరువాత మళ్ళీ తిప్పి చూడండి. ఈ రెండవసారి చూడటం అందరూ ఎగవేసే పని. నట్టు బిగింపుతో కొలత కదులుతుంది.

2008 తరువాత క్రమంగా వచ్చిన హైడ్రాలిక్ ట్యాపెట్ల బుల్లెట్లలో ఈ పనే లేదు. వారు హాయిగా నిద్రపోవచ్చును.

1985 నాటి హీరో హోండా సీడీ 100, దాని తరువాతి స్ప్లెండరు వంటివాటిలో క్యాము పైన హెడ్డులోనే ఉంటుంది. అక్కడ చల్లని ఇంజనుకు ఫీలర్ గేజి కావాలి. మన ఆఫీసు కాగితము మందము సుమారు 0.1 మిల్లీమీటరు, కావలసిన సందు దాదాపు ఆ తరహాది. సరియైన అంకె బండి పుస్తకంలోనే చూడాలి, పక్కవాని నోట వినకూడదు. ఫ్లైవీలు మీద 'టీ' గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు గీతకు వస్తుంది; వాటిలో ఒక్కటే మనది. రాకర్లు రెండూ వ్రేలికి కొద్దిగా ఆడితే అదే. ఆడకపోతే ఇంకొక చుట్టు తిప్పాలి. గేజి ఆకు కొంచెం పట్టుతో జారాలి, ఇరుక్కోకూడదు.

2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 వంటి మట్టిదారి బండ్లను మన యువకులు కొందరు పొలాలకు తోలుతున్నారు. ధూళి ఫిల్టరు దాటి లోపలికి పోతే వాల్వూ పీటా త్వరగా అరుగుతాయి. కాబట్టి వారు తరచుగా చూడాలి. మూత విప్పక ముందు హెడ్డు చుట్టూ రేగడిమన్ను కడిగి ఆరనివ్వాలి. పోటీల మట్టిబండ్లలో చాలావాటికి మరకు బదులు షిమ్ము బిళ్ళలుంటాయి. వాటిని మార్చాలంటే సాధారణంగా క్యామును కదిలించాలి. సందు కొలవటం వరకు ఇంట చేసి, మిగిలినది తెలిసిన మిస్త్రీకి వదలటం మేలని నా అభిప్రాయము.

పని ముగిశాక తేదీ, కిలోమీటర్లు, చూసిన సందు, పెట్టిన సందు ఒక నోటుబుక్కులో వ్రాయండి. గుమాస్తా బుద్ధి అని నవ్వండి గాని, వాల్వు పీటలోకి దిగుతున్నదని చెప్పేది ఆ అంకెలే.

వచ్చే ఆదివారము ఉదయం ఆరింటికి మా క్వార్టరు వెనుక నా బండి విప్పుతున్నాను. కావలసినవారు తమ బండ్లతో రావచ్చును. పది, పదకొండు నంబర్ల పానాలు తెచ్చుకోండి. నా దగ్గర ఒక్కొక్కటే ఉన్నవి. బండిని మాత్రము స్టార్టు చేయక, తోసుకొనిరావాలి.