నాభి క్రింది నాళాలు: పూడిక, ఉబ్బు
(ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆషాఢ పూర్ణిమ సమీపిస్తున్నది. మనలో పలువురు సింహాచల గిరిప్రదక్షిణకు సంకల్పం చెప్పుకొని ఉంటారు. అది 32 కిలోమీటర్ల నడక. అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమల చేరేవారు, అరుణాచలం చుట్టూ 14 కిలోమీటర్లు నడిచేవారు కూడా ఈ సభలో ఉన్నారు. నడక మన భక్తిలో ఒక అంగం కనుక, నడకలోనే బయటపడే ఒక వ్యాధిని గూర్చి, దాని తోబుట్టువు వంటి మరొక వ్యాధిని గూర్చి ఈ దినం మాట్లాడదలచాను. నేను వైద్యుడను కాను. వ్యాకరణం, కొంత ఆయుర్వేద వాఙ్మయం గురుముఖతః చదివినవాడను. ఆధునిక విషయం వైద్యులను అడిగి తెలుసుకొన్నాను. ఇది విని ఎవరూ తమకు తామే చికిత్స చేసుకోరాదు. వైద్యుని ముందు నోరు విప్పడానికి సంకోచం విడిస్తే చాలు.

గుండె నుంచి బయలుదేరిన మహాధమని వెన్నెముక ముందుభాగాన దిగివచ్చి, ఇంచుమించు నాభి ఎత్తున, నడుములోని నాలుగవ వెన్నుపూస వద్ద రెండుగా చీలుతుంది. ఆ రెండు శాఖలూ కుడి ఎడమల కటిభాగంలోకి దిగుతాయి. వైద్యులు వీటిని ఇలియాక్ ధమనులు అంటారు. మనం శ్రోణి ధమనులు అందాం. ఒక్కొక్కటి మళ్ళీ రెండవుతుంది. లోపలి శాఖ పిరుదులకు, మూత్రాశయానికి, గర్భాశయానికి, జననేంద్రియాలకు రక్తం అందిస్తుంది. వెలుపలి శాఖ గజ్జ క్రిందుగా తొడలోకి ప్రవేశించి కాలంతటినీ పోషిస్తుంది.

సిరలన్నిటికీ నాభి మూలమని, బండిచక్రపు కుండ చుట్టూ ఆకులున్నట్లు అవి నాభిని ఆశ్రయించి ఉన్నాయని సుశ్రుతుడు చెప్పాడు. దీనిని చూపి, మహాధమని చీలిక మన ఋషులకు ముందే తెలుసునని కొందరు ఉపన్యాసకులు చప్పట్లు కొట్టించుకొంటారు. నాకది సమ్మతం కాదు. ఆయన లెక్క వేరు, నేటి శరీరశాస్త్రపు లెక్క వేరు. బలవంతాన అతికితే రెండింటికీ అన్యాయమే జరుగుతుంది. ఆయన చూపు ఎంత నిశితమో తెలియాలంటే మర్మాలను చెప్పిన చోట చూడాలి. గజ్జ కీలుకు దిగువన, తొడ మూలంలో ‘లోహితాక్షం’ అనే మర్మం ఉన్నదనీ, అక్కడ గాయమైతే రక్తక్షయం వలన కాలు చచ్చుబడుతుందనీ అన్నాడు. కాలికి రక్తం సరిగా వస్తున్నదా లేదా అని నేటి వైద్యుడు వ్రేలు పెట్టి నాడి చూసేది ఆ ప్రాంతంలోనే.

శ్రోణి ధమనులకు ముఖ్యంగా రెండు రకాల చెరుపు కలుగుతుంది. ఒకటి పూడిక, రెండవది ఉబ్బు. గోదావరి డెల్టా వారికి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలో ఒండ్రు పేరుకొన్నదనుకోండి. పొలానికి నీటి అవసరం లేని రోజుల్లో ఆ సంగతి ఎవరికీ పట్టదు. నాట్ల వేళ అందరూ ఒక్కసారి తూములెత్తినప్పుడు శివారు రైతు చేను నెర్రెలు వారుతుంది. అదే కాలువకు ఒకచోట గట్టు మెత్తబడితే, నీటి ఒత్తిడికి వెలుపలికి ఉబ్బి, ఒకనాటి రాత్రి గండి పడుతుంది. పూడిక వలన నీరందదు, గండి వలన ఊరు మునుగుతుంది. మన నాళాలలోనూ అంతే.

మొదట పూడిక మాట చెబుతాను. ధమని లోపలి గోడలో కొవ్వు, సున్నం ఏళ్ళ తరబడి పేరుకొని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు కండరాలకు కావలసిన రక్తం స్వల్పం. ఇరుకు దారిలోనే అది సరిపోతుంది. నడక మొదలుపెట్టగానే అవసరం ఎన్నో రెట్లు పెరుగుతుంది, నాళం ఇవ్వలేదు, కండరం నొప్పితో మొర పెడుతుంది. నిలబడితే కొద్ది నిమిషాలలో నొప్పి పోతుంది. మళ్ళీ ఇంచుమించు అంతే దూరం నడవగానే తిరిగి వస్తుంది. తొడలోని నాళం పూడితే పిక్క పట్టేస్తుంది. నాభి క్రింది నాళమే పూడితే పిరుదు, తుంటి, తొడ నొప్పి పెడతాయి. రెండు ప్రక్కలా పూడినప్పుడు పురుషులలో దాంపత్య శక్తి కూడా తగ్గుతుంది. పిరుదుల నొప్పి, పురుషత్వ లోపం, గజ్జలో నాడి అందకపోవడం అనే మూడింటినీ ఒక్క వ్యాధి లక్షణాలుగా గుర్తించినవాడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రెనే లెరీష్. ఆయన పేరుతోనే వైద్యులు నేటికీ దానిని లెరీష్ సిండ్రోమ్ అంటున్నారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మన ఇళ్ళలో మోకాలు నొప్పి అని ఎవరైనా చెబుతారు. పిరుదు నొప్పి అని కోడలి ముందు, కొడుకు ముందు ఏ పెద్దమనిషీ చెప్పడు. రెండవ లక్షణం సంగతి చెప్పనే అక్కరలేదు. భార్యకే చెప్పని మాట డాక్టరుకు ఏమి చెబుతాడు? స్త్రీలు ఇంటిచాకిరీ వలన నడుము పడిపోయిందని సరిపెట్టుకొంటారు. సిగ్గుపడవలసిన చోట పడకుండా, అక్కరలేని చోట పడడం మనకు అలవాటైపోయింది. సుశ్రుతుడు, చరకుడు శరీరంలో ఏ అవయవం పేరు చెప్పడానికీ జంకలేదు. శాస్త్రానికి లేని బిడియం మనకెందుకు?

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నిత్యం ఆలయంలో పదకొండు ప్రదక్షిణలు చేసేవాడు. చుట్ట అలవాటు తప్ప ఏ దుర్గుణమూ లేనివాడు. కొంతకాలానికి నాలుగవ ప్రదక్షిణలో ధ్వజస్తంభం దగ్గర ఆగి, రెండు నిమిషాలు నమస్కారం చేస్తున్నట్లు నిలబడి, మళ్ళీ కదిలేవాడు. భక్తి పారవశ్యం అనుకొన్నారు చూచినవారు. తరువాత మూడవ ప్రదక్షిణలోనే, ఆపైన రెండవ దానిలోనే ఆగవలసి వచ్చింది. ఏడాది పాటు నడుముకు తైలమర్దనం, వెన్నుకు ఎక్స్‌రేలు, వాతానికి మందులు జరిగాయి. చివరకు ఒక యువ వైద్యుడు ఎన్ని అడుగులకు నొప్పి వస్తున్నదని అడిగి, గజ్జలో నాడి చూశాడు. ఎడమవైపు నాడి అందలేదు. వ్యాధి పేరు తెలియడానికి పట్టిన కాలం ఆ రెండు నిమిషాలే.

వెన్నునొప్పితో దీనిని పొరబడడం సహజం. వెన్నుపూసల మధ్య నరం నలిగినా నడిస్తే కాళ్ళు లాగుతాయి. కాని ఆ బాధ కేవలం నిలబడినంత మాత్రాన పోదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. తోపుడు బండి మీద వంగి నడిస్తే అట్టివారికి హాయిగా ఉంటుంది. నాళపు పూడిక ఉన్నవారికి వంగినా నిక్కినా ఒకటే, కదలిక ఆగితే చాలు. ఈ భేదం గుర్తుంచుకొని చెబితే వైద్యునికి సగం దారి చూపినట్లే. చేతి బీపీతో చీలమండ దగ్గరి బీపీని పోల్చే పరీక్ష ఒకటి ఉన్నది. చీలమండ దగ్గరిది చేతి దానిలో 0.9 వంతు కంటె తక్కువగా ఉంటే కాలి నాళంలో అడ్డు ఉన్నదని భావిస్తారు. సూది గుచ్చడం కూడా అక్కరలేదు. ఆపైన డాప్లర్, అవసరమైతే సీటీ యాంజియోగ్రామ్ చేయిస్తారు.

కారణాలలో పెద్దది పొగ. మధుమేహం మోకాలి క్రింది సన్న నాళాలను ఎక్కువగా బాధిస్తే, పొగ నాభి క్రింది పెద్ద నాళాలను ఎక్కువగా పట్టుకొంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో తల్లులు చుట్ట నిప్పు నోటిలోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు మనకు తెలిసినదే. పొగ పురుషుల వ్యసనం మాత్రమే అనుకోవడానికి మన ప్రాంతంలో వీలు లేదు. రక్తపోటు, చెడ్డ కొవ్వు, వయసు మిగిలిన కారణాలు. మరొక్క మాట. ఈ పూడిక కటిభాగంతో ఆగేది కాదు. గుండెనాళాలలో, మెదడునాళాలలో కూడా అదే పని సాగుతూ ఉంటుంది. ఈ వ్యాధి గలవారిలో కాలు పోగొట్టుకొనేవారి కంటె గుండెపోటుతో, పక్షవాతంతో పోయేవారే ఎక్కువ. కాలు చెప్పేది గుండె తరఫు కబురు.

చికిత్సలో మొదటిది పొగ మానడం, రెండవది నడక. నొప్పి పెట్టే నడకే మందు అంటే ఆశ్చర్యం కలుగుతుంది. వైద్యుడు గుండెను పరీక్షించి అనుమతించిన తరువాత, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గగానే మళ్ళీ నడవాలి. ఇట్లా అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడు సార్లు, మూడు నెలలు చేస్తే చాలామంది నడిచే దూరం పెరుగుతుంది. పెద్ద కాలువ పూడినా ప్రక్క బోదెలు వెడల్పై నీరందించినట్లు చిన్న నాళాలూ సాయపడతాయి. రక్తం గడ్డకట్టకుండా, కొవ్వు పేరుకోకుండా వైద్యుడిచ్చే మాత్రలు మానరాదు. వీటితో చాలనప్పుడు గజ్జ నుంచి సన్నని గొట్టం పంపి, బెలూనుతో దారి తెరిచి, స్టెంటు నిలుపుతారు. ఈ మార్గానికి ఆద్యుడు అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పనిచేసిన చార్లెస్ డాటర్. 1964లో ఆయన దగ్గరకు వచ్చినది 82 ఏళ్ళ వృద్ధురాలు. కాలి వ్రేళ్ళు కుళ్ళుతున్నాయి, కాలు తీసివేయాలన్నారు, ఆమె ససేమిరా అన్నది. డాటర్ ఆమె తొడలోని నాళాన్ని కోత లేకుండా గొట్టాలతోనే తెరిచాడు. ఆమె తన కాళ్ళ మీదనే నడుస్తూ తరువాత రెండేళ్ళకు పైగా జీవించింది. ఈ వయసులో ఇంకెందుకులే అనే వృద్ధులకు నేను ఆమె కథ చెబుతూ ఉంటాను.

ఇక ఉబ్బు. వైద్యులు దీనిని అన్యూరిజమ్ అంటారు. మనవారు గడ్డ అంటారు, ఆ మాటతో కాన్సరేమోనని హడలిపోతారు. ఇది కొత్తగా పెరిగిన మాంసం కాదు, నాళపు గోడ బలహీనమై సాగడం మాత్రమే. పెద్ద శ్రోణి ధమని అడ్డుకొలత సెంటీమీటరు, ఆపైన కొద్దిగా ఉంటుంది. దానికి ఒకటిన్నర రెట్లు మించితే ఉబ్బు అంటారు. మూడు, మూడున్నర సెంటీమీటర్లకు చేరితే చికిత్స ఆలోచిస్తారు. గోడ సాగినకొద్దీ దాని మీద లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగినకొద్దీ ఇంకా సాగుతుంది. అందుకే దానంతట అది తగ్గదు. తరచుగా కడుపులోని మహాధమని ఉబ్బుతో కలిసి వస్తుంది, ఒంటరిగా రావడం అరుదు. అరవై దాటిన పురుషులలో, అందులోనూ పొగత్రాగినవారిలో అధికం.

దీనిలో భయంకరమైనది నొప్పి కాదు, నొప్పి లేకపోవడం. కటికుహరంలో లోతుగా ఉండడం వలన చేతికి అందదు. ప్రక్కనున్న మూత్రనాళాన్నో నరాన్నో నొక్కితే తప్ప తెలియదు. చాలామందికి మరొక దానికోసం తీసిన స్కానింగులో కనబడుతుంది. సుశ్రుతుడు గ్రంథులను వర్ణిస్తూ సిరలలో పుట్టే గ్రంథి నొప్పి కలిగి కదిలేదైతే కష్టసాధ్యమనీ, నొప్పి లేక, కదలక, పెద్దదై మర్మస్థానంలో ఉంటే వైద్యుడు చేపట్టరాదనీ అన్నాడు. ఆయన చూచినది ఈ వ్యాధేనని నేను చెప్పను. నొప్పి లేనిదానిని ఎక్కువ ప్రమాదమని ఎంచిన ఆ వివేకాన్ని మాత్రం చూపుతున్నాను.

1817లో లండనులో ఆస్ట్లీ కూపర్ అనే మహావైద్యుడు, శ్రోణి ధమని ఉబ్బు చిట్లి రక్తం కారుతున్న ఒక మూటల కూలీని బ్రతికించడానికి మహాధమనికే దారంతో ముడి వేశాడు. రోగి 40 గంటలు జీవించాడు. అంతకంటె చేయగలిగినది ఆనాడు లేదు. 1990లో అర్జెంటీనా వైద్యుడు హువాన్ పరోడీ, గజ్జలోని నాళం గుండా గుడ్డ తొడిగిన స్టెంటును పంపి, మహాధమని ఉబ్బును లోపలి నుంచే మూసివేశాడు. శ్రోణి ధమనులకు కూడా నేడు ఆ పద్ధతి ఉన్నది. కూపర్ కాలంలో చేపట్టరానిది నేడు చేపట్టదగినది. చిట్లకముందు తెలిస్తేనే సుమా. అందుచేత పొగత్రాగిన పెద్దలు, తండ్రికో అన్నకో మహాధమని ఉబ్బు ఉన్నవారు, కడుపు స్కానింగ్ చేయించుకోవాలా అని వైద్యుని అడగండి. పొట్టలో, గజ్జలో నాడి వలె కొట్టుకొనే ఉబ్బు తగిలితే తైలమర్దనం పనికిరాదు, పిసకరాదు.

రెండు సందర్భాలలో మరునాటి దాకా ఆగరాదు. కాలు అకస్మాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, కదలనంటే కొద్ది గంటలలో కాలు చేజారుతుంది. ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో గజ్జలోనో తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం కలిగితే అది గండి కావచ్చు. రెండింటికీ వెంటనే 108కి ఫోన్ చేయండి.

సభలో నుంచి ఒక తల్లి చీటీ పంపింది. నడవలేనివారు మొక్కుకొన్న ప్రదక్షిణ మానితే దోషమా అని ఆమె ప్రశ్న. అమ్మా, సంకల్పించి మొదలుపెట్టిన వ్రతం అశక్తత వలన ఆగితే భర్త, భార్య, కొడుకు మొదలైనవారు ప్రతినిధిగా పూర్తి చేయవచ్చునని ధర్మశాస్త్ర నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి పూజ చివరా ఉన్నచోటనే తిరిగి ఆత్మప్రదక్షిణ చేస్తున్నాం కదా, అది ఎవరికోసం పెట్టారనుకొన్నారు? గిరి చుట్టూ నడవాలనే కోరిక బలంగా ఉంటే, ముందు మన ఆలయం చుట్టూ నడిచి చూడండి. ఎన్నవ ప్రదక్షిణలో నొప్పి వచ్చినది, ఏ కాలికి, పిరుదులోనా పిక్కలోనా, నిలబడితే ఎన్ని నిమిషాలకు పోయినది అని ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితం గిరికి వెళ్ళే ముందు వైద్యునికి చూపండి.