పసివాని వాటా
(ప్రసంగ పాఠం)

ఆరు నెలలు నిండిన శిశువుకు తల్లిపాలు కొనసాగవలసిందే. కాని అవి మాత్రమే చాలవు. పెక్కు ఇండ్లలో బిడ్డ ఎదుగుదల కుంటుపడేది ఈ దశలోనే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన మిశ్రమంలో అరుదైన వస్తువేదీ లేదు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ పప్పు 10, బెల్లం 20 గ్రాములు. వీటినుండి సుమారు 330 కేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. గోధుమలో కొరవడిన లైసిన్‌ను శనగలు పూరిస్తాయి.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం అంగన్‌వాడీల ద్వారా అనుబంధాహారాన్ని పల్లెలకు చేర్చింది. అయితే శ్రోతలు గమనింపదగిన విషయమొకటున్నది. ఇంటికి వచ్చిన పొట్లాన్ని నలుగురూ పంచుకున్నా, దానిని చూపి ఇంటి తిండి తగ్గించినా, బిడ్డకు మిగిలేది స్వల్పమే. అనుబంధాహారమనగా ఇంటి అన్నానికి తోడే గాని బదులు కాదు. పసివాని వాటా పసివానికే దక్కవలె.