స్నానాల తొట్టి కొనేముందు



గంగాళాలు అటకెక్కాయి. ఇప్పుడు కొత్త ఇళ్లలో స్నానాల తొట్టి కావాలంటున్నారు పిల్లలు. సరదా తప్పు కాదు. అయితే ఏ సరుకుతో చేసిన తొట్టి కొనాలన్నది మన నీళ్లను బట్టి తేల్చుకోవాలి.

మాది మైపాడు దగ్గర. బోరు వేస్తే ఉప్పునీళ్లే. మేము ముచ్చటపడి పింగాణీ పూత వేసిన ఇనుప తొట్టి కొన్నాము. గాజుపొడిని ఇనుము మీద కాల్చి అతికించేదే ఆ పూత. తళతళలాడుతుంది, ఓ పట్టాన గీతలు పడవు. కానీ గాజు గాజే కదా! ఒకనాడు చేయి జారి ఇత్తడి చెంబు పడింది. కందిగింజంత పెచ్చు లేచింది. ఇంతేగా అని ఊరుకున్నాను. ఉప్పునీళ్లు ఆ సందులో దూరాయి. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న పూతను లేపేసింది. ఆ అంచు కోసుకుని మా అత్తగారి పాదం తెగింది. అసలే షుగరు మనిషి. పుండు మానడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆవిడ నన్నొక్క మాట అనలేదు. అదే నాకు పెద్ద శిక్ష.

సిమెంటుతో కట్టి పలకలు అతికిద్దామంటారా? అతుకుల్లోంచి ఉప్పునీళ్లు దిగితే లోపలి కమ్మీలు తుప్పుపట్టి సిమెంటును పగలగొడతాయి. ఫైబర్‌గ్లాస్ తొట్టి చవక, తుప్పు పట్టదు. కానీ పైపూత పలచన. కొన్నాళ్లకు మెరుపు పోతుంది, పగుళ్లిస్తుంది. ఆక్రిలిక్‌కు ధర కాస్త ఎక్కువైనా తుప్పు బాధ లేదు, నీళ్ల వేడి కాసేపు నిలుస్తుంది. పీచుతో, గరుకు పొడితో మాత్రం తోమకండి. మెత్తని గుడ్డ, సబ్బునీళ్లు చాలు.

కొట్టుకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అతుక్కుంటే లోపల ఇనుమున్నట్టే. తొట్టి అడుగున అరచేత్తో గట్టిగా నొక్కండి. లొత్తపడితే వద్దనండి.

ఇంకొక్క మాట. తొట్టి నిండాలంటే నూటయాభై లీటర్లకు పైనే కావాలి. రెండు బకెట్లయితే నలభై లీటర్లలోపే. వేసవిలో మంచినీళ్లు కొనుక్కునే ఇంట్లో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు ఆక్రిలిక్ తొట్టి ఉంది. మనవలు పండక్కి వచ్చినప్పుడే అది నిండేది. అత్తగారు మాత్రం పీట వేసుకుని బకెట్‌తోనే పోసుకుంటారు. పీట జారకుండా చూసుకోవడం నా పని.

సెలవు.