శాలువాతో పాటు కూలి



ఇంజనీరయ్యే దారి అడిగితే మన సార్లు వెంటనే చెప్పేవారు. పాటతో బతికే దారి ఏదని మేమెవరం అడగలేదు. ఆ దారి ఒక్కటి కాదు.

మన దగ్గర పర్ధాన్లది వంశవృత్తి. కిక్రి వాయిస్తూ గోండు గోత్రాల కథలు పాడితే ఆ ఇళ్లవాళ్లు ధాన్యమో పశువో ఇచ్చేవారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగు చదువుతూనే సినిమా పాటకు వెళ్లారు. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికల్లో చదివాం. మన మార్లవాయి కనకరాజు గారి గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వస్తే అందరం గర్వపడ్డాం. కానీ పద్మశ్రీ గౌరవమే, నెల జీతం కాదు.

నా తప్పూ చెప్తాను. మా ఇంట్లో పెళ్లికి డప్పులవాళ్లతో బేరమాడాను. కరెంటు పనివాళ్లతో మాత్రం ఆడలేదు.

ఈ యాభై ఏళ్ల పండుగ గుర్తుగా ఒక పని చేద్దాం. కిక్రి వచ్చిన పెద్దమనిషిని వారానికో రోజు మన బడికి పిలుద్దాం. పిల్లలకు నేర్పించి, గంటకు ఇంత అని లెక్కగట్టి ఇద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది. తర్వాతిది మనందరిది.